తమ్ముడి పథ్యం

"గడ్డి బాగానే ఒంటబట్టిందిరా, చెంపలు లోపలికి పోయాయి" అన్నాడు వీరాంజనేయులు, నాటుకోడి ఎముక కొరుకుతూ.

ఎదుట తమ్ముడు లక్ష్మీకాంత్ కొర్రన్నంలో నూనెచుక్క లేని తోటకూర పప్పు కలుపుకుంటున్నాడు. "నీకేం అన్నయ్యా, అన్నం మానేసి నెయ్యి తాగుతున్నావు. గుండె పట్టేస్తే తెలుస్తుంది."

చెల్లెలు కోటేశ్వరికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అన్నలిద్దరివీ ఆమెకు సరిపోతాయి, అడ్డమల్లా షుగరు. ఇద్దరికీ హద్దు మీదే ఉంది. మళ్ళీ పరీక్ష నాటికి ఎవరిది దిగితే వారి కిడ్నీ తీసుకుంటానన్నాడు డాక్టరు. అన్నం, గోధుమ, తీపి వదిలేస్తే చాలని పెద్దవాడూ, మాంసం, పాలు, నూనె వదిలెయ్యాలని చిన్నవాడూ చెరో దారి పట్టారు.

తమ్ముణ్ణి చూస్తే వీరాంజనేయులుకు రోత. పంతం తప్ప మరేమీ లేని మనిషి. చిన్నప్పుడు 'నీవల్ల కాదు' అంటే చాలు, ఎండలో మనిషెత్తు పత్తిబోరెం మోసి జ్వరం తెచ్చుకునేవాడు.

"వదినా, కాస్త పెరుగు వెయ్యి. నోరు చచ్చిపోయింది" అన్నాడు లక్ష్మీకాంత్.

"వెయ్యి జ్యోతీ, వెయ్యి!" వీరాంజనేయులు పెద్దగా నవ్వాడు. "వీడి మొహానికి ఇన్నాళ్ళు ఆగడమే ఎక్కువ. చెల్లిని నేను చూసుకుంటాలేరా."

లక్ష్మీకాంత్ కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దొదినా."

"ఊరికే ఆయన్ని దెప్పుతారేమండీ?" అంది నాగజ్యోతి.

"దెప్పకపోతే వీడు మనిషవుతాడా?"

పరీక్ష రోజు గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టులు చూశాడు. లక్ష్మీకాంత్ షుగరు దిగింది. వీరాంజనేయులుది పెరిగింది.

"ఛీ, నా బతుకు!" వీరాంజనేయులు నుదురు కొట్టుకున్నాడు. "ఆకులు మేసినవాడు పనికొచ్చాడు. నా చెల్లికి నేను పనికిరాకపోయాను."

కోటేశ్వరి అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వు మాత్రం తక్కువ కష్టపడ్డావా అన్నయ్యా!"

"ఊరుకో అన్నయ్యా, నేనున్నాగా" అన్నాడు లక్ష్మీకాంత్. వాడి కళ్ళలో జాలి చూసి అతనికి మరింత రోత పుట్టింది.

సాయంత్రం మొక్కు చెల్లించడానికి వీరాంజనేయులు ఒక్కడే మంగళగిరి వెళ్ళి కొండెక్కాడు. అర్చకుడు బిందెలోని పానకం శంఖంతో స్వామి నోట్లో పోసి, మిగిలిన సగం ప్రసాదంగా ఇచ్చాడు.

"ఏమని మొక్కుకున్నారు నాయనా?"

"చెల్లెలికి నయం కావాలని స్వామీ" అని, వీరాంజనేయులు బిందె ఎత్తి గటగటా తాగాడు.

అతను మొక్కుకున్నది తన షుగరు తగ్గకూడదని.