నడిమి గోడ

విడాకులప్పుడు ఆండర్సన్‌పేటలోని ఇంటిని చెరిసగం పంచి, హాలు మధ్యలో గోడ కట్టించారు. ఒక సగం ఫిలోమినాకు వచ్చింది. అమృతరాజు తన సగానికి తాళం వేసుకుని బెంగళూరు వెళ్లిపోయాడు.

ఆ వారమే, చీకటి పడ్డాక, భూమి ఒక్కసారి అదిరింది. అటక మీద గిన్నెలు గలగలమన్నాయి. ఊరి కింద మూతపడ్డ గనిలో ఎక్కడో బండ కూలి ఉంటుంది. అలా అదిరినప్పుడల్లా గని కార్మికుల లైన్ ఇళ్లలో పక్కింటివాళ్లు గోడను రెండుసార్లు తట్టి క్షేమం అడిగేవాళ్లు. బాగుంటే ఇవతలివాళ్లు ఒకసారి తట్టాలి.

గిన్నెల చప్పుడు ఆగింది. కొత్త గోడ మీద అవతలినుంచి ఎవరో రెండుసార్లు తట్టారు.

ఆమె అమృతరాజుకు ఫోన్ చేసింది.

"నీ పక్క ఎవురన్నా ఉండారా?"

"ఎవురుంటారు? తాళం చెవి నాకాడే ఉండాది. ఏమైంది?"

"భూమి అదిరింది."

"అయ్యో, నా పక్క గోడ చీలిందేమో! ఇంగ పొద్దున్నే మేస్త్రీని పిలిచి బయటినుంచి చూపించు" అని పెట్టేశాడు.

బాగున్నావా అని అడగలేదు.

గోడ మీద మళ్లీ రెండుసార్లు, ఈసారి మెల్లగా.

ఫిలోమినా లేచి వెళ్లి ఒకసారి తట్టింది.

అవతల ఎవరో ఊపిరి వదిలి, గోడకు వీపు ఆనించి కూర్చున్నారు.