వాడు అడిగే మాట

వర్ష ఫోన్లో జర్మన్ మాట్లాడుతూ పకపకా నవ్వింది. ఆమె ఫోన్ పెట్టేదాకా ఆగిన భర్త జితేందర్, తింటున్న కంచం పక్కకు నెట్టేశాడు.

“రోజూ గా జర్మనోనితోని గంత నవ్వుడేంది?”

“ఆయన నాకు జర్మన్ నేర్పే సారు. మొదటి లెవెల్ అయిపాయె. ఇగ మాట్లాడుడు వస్తెనే ఆడ నర్సు నౌకరి ఇస్తరు.”

“ఏమంటడు వాడు?”

“పొద్దంత ఎట్ల గడిచిందని అడుగుతడు. దవాఖానల ఓ ముసలమ్మ నన్ను తన బిడ్డే అనుకొని నా చెయ్యి ఇడువలేదని చెప్పిన.”

జితేందర్ మొహం మాడింది. “వానికి చెప్తవ్, నాకు చెప్పవా?”

వర్ష కంచం మళ్లీ అతని ముందుకు జరిపింది.

అతను రెండు ముద్దలు తిని, గొంతు తగ్గించి అడిగాడు. “వాడు అడిగే గా మాట జర్మన్ల ఎట్ల అడగాలె? నాకు గూడ నేర్పు.”

“తెలుగుల అడిగినా చెప్త.”