పోలవ్వ మూడు ప్రశ్నలు

అడవిలోకి కొత్తగా ఒక గోరువంక వచ్చింది. ఏ జబ్బుకు ఏ ఆకు మందో రెప్పపాటులో చెప్పేది. తెలియదన్న మాట దాని నోట ఒక్కసారీ రాలేదు.

ఆ ఆకులను ఇంటింటికీ చేర్చే పని జింకలకు దక్కింది. ముసలి గాడిద పోలవ్వను ఎవరూ పిలవలేదు. "ఆవిడా? మూట ఎత్తేలోపు మూడు ప్రశ్నలు వేస్తుంది" అని నవ్వుకున్నారు.

నిజమే. ఉప్పు మోసే రోజుల్లో వాళ్లమ్మ నేర్పిన అలవాటది. ఇదేమిటి, ఎవరికి, వాళ్లకు కావలసింది ఇదేనా? మూడింటికీ జవాబు వచ్చేదాకా అమ్మ కాలు కదిపేది కాదు. కదిలితే మెడలో గంట ఎంత నిబ్బరంగా మోగేదో!

మూడో రోజున మేకలకు పడే ఆకును గోరువంక జ్వరమొచ్చిన కుందేలు పిల్లకు చెప్పింది. జింక ఏమీ అడగకుండా అందించింది. పిల్ల సొమ్మసిల్లింది. కాసేపటికి తేరుకుంది గానీ జ్వరం దిగలేదు.

తల్లి కుందేలు పోలవ్వ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఈసారి మందు నువ్వు తెచ్చిపెట్టవ్వా" అని చెప్పి పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

పోలవ్వ గోరువంక దగ్గరికి వెళ్లేసరికి అది ఇంకో ఆకు తుంచి సిద్ధంగా ఉంచింది.

"ఇదేమిటమ్మా?"

"జ్వరం మందు."

"ఎవరికి?"

"కుందేలు పిల్లకి."

"ఆ పిల్లకు కావలసింది ఇదేనా?"

గోరువంకను ఇంతవరకు ఎవరూ తిరిగి అడగలేదు. అది ఆకును తిప్పి చూసింది. చివరికి "తెలియదవ్వా" అంది.

"అయితే ఆ మాటే మోసుకెళతాను. అది చేరితే తల్లి ఇంకెవరినైనా అడుగుతుంది."

పోలవ్వ ఖాళీ వీపుతో కదిలింది. మెడలో గంట లేకపోయినా, అమ్మ గంట నిబ్బరంగా మోగినట్టే అనిపించింది.