గుండె నోరు మూసే పురుగు

ఇళ్ల గోడలు గుండె చప్పుడు విని, మనుషుల అబద్ధాలు బయటపెట్టే రోజులవి. రామలింగేశం చొక్కా లోపల పచ్చరాతి పేడపురుగు తాయెత్తు కట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. పరలోకపు విచారణలో గుండె ఎదురుసాక్ష్యం చెప్పకూడదని పూర్వం ఈజిప్టువాళ్లు శవాల రొమ్ముపై పెట్టిన తాయెత్తుకు నకలు అది. ఇప్పుడు గోడల చెవులూ మూస్తుందట.

"కాకరకాయ పులుసు ఎలా ఉందండీ?" అంది భార్య భ్రమరాంబ.

"అమృతమే!"

రోజూ "అబద్ధం!" అని అరిచే గోడ ఈసారి కిక్కురుమనలేదు. ఆమెకు అనుమానమొచ్చి, అతని కాలరులోంచి తాయెత్తు పైకి లాగింది.

"ఇది చచ్చినవాళ్లకి పెట్టేది కదండీ!"

"ఈ పులుసు తిన్నాక నేనూ అంతేగా!"

ఆమె తాయెత్తు విప్పి పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పండి. నేనంటే ఇష్టమేనా?"

అతను తాయెత్తుకేసి ఓరగా చూశాడు. "ఇష్టమేనే."

ఇద్దరూ గోడకేసి చూశారు. గోడ ఏమీ అనలేదు.

భ్రమరాంబ మురిసిపోయి, ఇంకో రెండు గరిటెల పులుసు వడ్డించింది.