లైటు ఆపాక లేచిన బుడగలు

మొక్కలు పెంచే చేపల తొట్టెకి, బట్టలు కుట్టే ఆమె కొన్న మూడో లైటు అది. ఎన్ని మార్చినా ఆకులు లైటుకేసి కాకుండా, మూలనున్న ఖాళీ కుర్చీకేసే వంగుతున్నాయి. ఆ రాత్రి లైటు ఆపి, కిటికీ తెరలు కూడా లాగేసింది. చీకట్లో సన్నగా చిటపట వినిపించింది. నీళ్లలో చెయ్యి పెడితే బుడగలు లేచి వేళ్ల మధ్య పగులుతున్నాయి.

తొట్టె అమ్మిన దుకాణదారుకి ఫోన్ చేసింది.

“వెలుగు లేందే ఆకులు బుడగలు వదలవక్కా. ఎక్కణ్ణుంచో లైటు పడుతోంది, చూసుకోండి.”

ఫోను బోర్లా పెట్టింది. గదంతా కాటుక చీకటి. కుర్చీ వైపు తిరిగింది.

“ఎవరివో నాకనవసరం. ఈ ఇంట్లో ఉండేది నేను. వెలిగితే పగలు వెలుగు, నేను లైటు ఆపాక కాదు. వెలుగెక్కువై తొట్టెకి నాచు పడితే తోముకోవాల్సింది నేనే.”

బుడగలు ఠక్కున ఆగిపోయాయి.

“అదీ,” అంటూ తొట్టె వైపు తిరిగి మళ్లీ నీళ్లలో చెయ్యి పెట్టింది.

అప్పుడు ఆకులు కదిలాయి. కుర్చీకేసి వంగినవన్నీ ఒక్కొక్కటిగా ఇటు తిరిగి ఆమె వేళ్లకు ఆనుకున్నాయి. అరచేతి కింద ఒక బుడగ పగిలింది. తర్వాత ఇంకొకటి.

చెయ్యి తీయలేదు. తలా తిప్పలేదు.

“నువ్వొచ్చి నా వెనక నిలబడినా అంతే,” అంది. “చెప్పింది చెప్పినట్టే.”