రెండో గొంతు

శామీర్‌పేట చెరువు వెనక తోట ఇంట్లో, రాక్ గాయకుడు జయపాల్ కొత్త ఆల్బమ్‌లోని చివరి పాట పాడి హెడ్‌ఫోన్స్ తీశాడు. నలభై ఏళ్లుగా అతను ప్రతి పాటనూ రెండుసార్లు పాడతాడు. ఒకదాని మీద ఒకటి పరిస్తే గొంతు నిండుగా వినిపిస్తుంది. ఈ రాత్రి మాత్రం ఒక్కసారికే బొంగురుపోయింది.

"రెండోది రేపు పాడుత బిడ్డా."

రికార్డింగ్ చేస్తున్న తృప్తి తలెత్తింది. "రెండోది గూడ అయిపాయె గద సార్. ఇగో, ఇనుండ్రి."

స్పీకర్లలో రెండు గొంతులున్నాయి. ఒకటి ఇప్పటిది, అరిగిపోయింది. రెండోది ఇరవై ఏళ్ల కుర్రాడిది. అదీ అతనిదే. ఈ పాట అతను రాసింది మాత్రం మొన్ననే.

తృప్తి అరిగిన గొంతును ఆపేసి, కుర్ర గొంతునొక్కదాన్నే వినిపించింది. ఆమె కళ్లు మెరిశాయి.

"గిది మస్తున్నది సార్. మొదటిది తీసెయ్యాల్నా?"

పాట అయిపోయింది. బయట చెరువులో కప్పల అరుపులు కూడా ఆగిపోయాయి. వద్దని చెప్పబోయాడు జయపాల్. పెదవులు కదిలాయి కానీ గొంతు పెగల్లేదు.

"తీసెయ్ బిడ్డా," అన్నాడు స్పీకర్లోంచి ఆ కుర్రాడు.

తృప్తి స్పీకర్ల వైపే చూస్తూ, "సరే సార్," అంది.