తలుపుకి ఏ రంగు

ఏటా అడవులు తగలబడే ఆ కాలంలో, అరకు రైలుదారిలో ప్రతి సొరంగం దగ్గరా ప్రయాణికులు తలదాచుకునే చెక్కగది ఉండేది. ఆ గదులకీ, ఇనుప వంతెనలకీ మంటనాపే రంగు ఎంచడం దమయంతి ఉద్యోగం. కొత్త రంగు పూసిన గదిలో ట్రాక్‌మన్ సన్యాసయ్యను కూర్చోబెట్టి, పరీక్షకని బయట మంట పెట్టించింది. రంగు పూరీలా పొంగి తలుపు సందులన్నీ మూసేసింది. అప్పట్లో రంగులు మాట్లాడేవి.

"లోపలివారు క్షేమం," అంది రంగు.

"అమ్మా, తలుపు రాటం నేదు! ఊపిరాడ్డం నేదు!" సన్యాసయ్య లోపల్నుంచి బాదుతున్నాడు.

"క్షేమం," అంది రంగు మళ్ళీ.

మంట ఆర్పించినా పొంగు రాయిలా బిగిసే ఉంది. దమయంతి గొడ్డలి అందుకుని, తలుపు పగిలేదాకా నరికింది. అతను చెమటలో తడిసి బయటపడ్డాడు.

"పొగ మాత్రం సుక్క రానేదమ్మా. మంచి రంగే," అన్నాడు.

"వంతెనకి మంచిదే, సన్యాసయ్యగారూ. వంతెన బయటికి పరిగెత్తక్కర్లేదు."

తలుపులకి పొంగని పాత రంగే వెయ్యమంది.